నమ్మిన భార్యను వెర్రిదానిగా రాయకండి

దంపతుల మధ్య మోసం, అర్హత లేని మనిషి మీద పెట్టుకున్న నమ్మకం ఇతివృత్తంగా మానసిక థ్రిల్లర్ రాస్తున్నవారు తమ సందేహాలను పంపవచ్చునని కిందటి సంచికలో ప్రకటించాము. వచ్చిన ఉత్తరాలలో విశాఖపట్నం వారివే ఎక్కువ. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. పేర్లు ప్రచురించవద్దని పలువురు కోరినందువల్ల ఊరి పేరు, పేట పేరు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: నా నవలలో భర్త మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసరు. భార్య ద్వారకానగర్‌లో బ్యాంకు ఉద్యోగిని. మూడేళ్ల కిందటే అతని ఉద్యోగం పోయింది, కానీ ఇంట్లో చెప్పలేదు. కాంట్రాక్టు వచ్చిందని, షిప్పెక్కుతున్నానని చెప్పి బయలుదేరి, భీమిలిలో అద్దెకు తీసుకున్న ఇంట్లో మరో స్త్రీతో కాపురం ఉంటాడు. రాతప్రతి చదివిన స్నేహితులంతా ‘బ్యాంకులో పని చేసే మనిషి మూడేళ్లు కనిపెట్టలేకపోయిందా, అంత వెర్రిదా’ అని అడుగుతున్నారు. ఏం మార్చాలి?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: మీ స్నేహితులు ఆ ప్రశ్నను భార్యను గురించి అడుగుతున్నారు. భర్తను గురించి అడగవలసిన ప్రశ్న అది. అతడు రోజూ ఏం చేసి ఆమెను నమ్మించాడన్నది మీ రాతప్రతిలో ఎక్కడా లేదు కనుకనే ఆమె వెర్రిదానిలా కనిపిస్తోంది. ఈ తరహా నవలలు తొంభై పాళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. మోసగాడు పడిన శ్రమను చూపకుండా మోసపోయిన మనిషిని మాత్రమే చూపిస్తే, పాఠకుడు ఆమె మీద జాలిపడడానికి బదులు విసుక్కుంటాడు.

మనిషి అబద్ధాన్ని పట్టుకోవడంలో ఎంత బలహీనుడో మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా చెబుతూనే ఉంది. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే పరిశోధకులు అంతవరకు జరిగిన అధ్యయనాలెన్నింటినో కలిపి లెక్కగట్టి 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఎదుటివారు చెప్పింది నిజమో అబద్ధమో తేల్చడంలో మనుషులు సగటున నూటికి 54 సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలుగుతున్నారు. కళ్లు మూసుకుని చెప్పినా 50 సార్లు సరిపోతుందని గుర్తుంచుకోండి. దగ్గరివారి విషయంలో ఇది మెరుగుపడుతుందని మనమంతా అనుకుంటాము. స్టీవెన్ మెకార్నాక్, మాల్కమ్ పార్క్స్ 1986లోనే చెప్పినదేమంటే, సాన్నిహిత్యం పెరిగేకొద్దీ ‘నా దగ్గర అబద్ధమాడితే నాకు తెలియదా’ అన్న ధీమా పెరుగుతుంది, ఆ ధీమా వల్ల చెప్పిన మాటను నిజమనే తీసుకునే అలవాటు బలపడుతుంది, దానితో పట్టుకునే శక్తి పెరగకపోగా తగ్గుతుంది. జెన్నిఫర్ ఫ్రైడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నామో వారి ద్రోహాన్ని చూడకుండా ఉండడం ఒక్కోసారి మనసు తనను తాను నిలబెట్టుకునే మార్గమవుతుందని ప్రతిపాదించారు. మీ కథానాయికకు ఇద్దరు పిల్లలు, ఇంటి రుణం, మంచం పట్టిన అత్తగారు ఉన్నారని రాశారు. ఆమె చూడకపోవడానికి ఇన్ని కారణాలు మీ చేతిలోనే ఉండగా వాటిలో ఒక్కదాన్నీ మీరు వాడుకోలేదు.

ఇక భర్త పనితనం సంగతి చూద్దాము. షిప్పు మీద పని చేసేవారికి జీతం సాధారణంగా కాంట్రాక్టు ఉన్నన్నాళ్లే వస్తుంది. ఇంట్లో ఉన్న నెలల్లో రాదు. కాబట్టి ఖాతాలో కొన్ని నెలలు డబ్బు పడకపోవడం నావికుల ఇళ్లలో అనుమానించవలసిన విషయం కాదు. బ్యాంకు ఉద్యోగిని అయినా ఆమె ఆ ఖాళీలను సహజంగానే తీసుకుంటుంది. సెకండ్ ఆఫీసరు వాచీ, అంటే నౌకను చూసుకునే డ్యూటీ, ఆనవాయితీగా పన్నెండు నుంచి నాలుగు వరకు, పగలూ రాత్రీ కూడా. ‘వాచీలో ఉన్నాను, తరువాత చేస్తాను’ అన్న ఒక్క మాటతో అతడు ఎన్ని ఫోన్లయినా తప్పించుకోగలడు. ‘నడిసముద్రంలో ఉన్నాము, నెట్ సరిగా లేదు’ అన్నది రెండో కవచం. విశాఖలో షిప్పు ఉద్యోగుల ఇళ్లలో ఈ మాటలు నిత్యం వినిపించేవే. నిజాయితీపరులు రోజూ నిజంగా చెప్పే మాటల వెనకనే మోసగాడు దాక్కుంటాడు. మీ నవలకు ఇంతకన్నా మంచి పునాది దొరకదు.

నౌక ఎక్కడుందో ఆమె చూడవచ్చు కదా అని మీ స్నేహితులు అడగవచ్చు. 300 గ్రాస్ టన్నేజీ, ఆపైన ఉండి విదేశీ జలాలకు వెళ్లే ప్రతి నౌకా తన స్థానాన్ని తెలిపే ఏఐఎస్ పరికరాన్ని అమర్చుకోవాలన్నది అంతర్జాతీయ నిబంధన. నౌక పేరు గాని, దాని గుర్తింపు కోసం ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు గాని తెలిస్తే ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకోవచ్చు. మీ కథానాయిక చూస్తుంది కూడా, చూడనివ్వండి. నౌక నిజమైనదే, అది నిజంగానే ప్రయాణిస్తోంది, దాని మీద అతడు లేడు, అంతే. ప్రతి రాత్రీ పడుకునే ముందు ఆమె ఆ చిన్న బాణం గుర్తును చూసుకుని, పిల్లలకు ‘నాన్న ఈ రోజు ఇక్కడున్నారు’ అని చూపించే సన్నివేశం రాయండి. తీరానికి దూరమైనప్పుడు ఉచితంగా చూసే సైట్లలో ఆ గుర్తు రోజుల తరబడి కనిపించకపోవచ్చు. ఆ రోజుల్లో ఆమె పడే ఆందోళన కూడా రాయండి. నమ్మకం ఆమెను ఎంత పని చేయిస్తోందో పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది.

బయటపడే మార్గం మీ రాతప్రతిలో బలహీనంగా ఉంది. భీమిలి బీచిలో ఆమె స్నేహితురాలు అతడిని అనుకోకుండా చూడడం మరీ తేలికైన దారి. మీరు వాడుకోదగిన ఆధారాలు రెండు సూచిస్తాను. మొదటిది సమయం. బ్రెజిల్‌లోని శాంటోస్ రేవులో ఉన్నానని చెప్పిన మనిషి, మన దగ్గర తెల్లవారుతున్న వేళ మాట్లాడుతూ, ‘ఇప్పుడే వెలుగు వస్తోంది’ అని అలవాటుగా నోరు జారతాడు. అక్కడి గడియారం మనకన్నా ఎనిమిదిన్నర గంటలు వెనక ఉంటుంది. అప్పుడు అక్కడ ముందురోజు రాత్రి. నావికుడి భార్యకు ఈ లెక్క కొట్టిన పిండి. ఆమెకు ఆ క్షణంలో తట్టకూడదు. మర్నాడు బ్యాంకులో ఎవరికో ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు రాసి ఇస్తూ ఉండగా తట్టాలి. రెండోది సీడీసీ, అంటే నావికుడి ఉద్యోగ వివరాలుండే పుస్తకం. నౌక ఎక్కిన, దిగిన (సైన్ ఆన్, సైన్ ఆఫ్) తేదీలన్నీ నావికుడి సీడీసీలో నమోదవుతాయి, ఆదాయపు పన్ను కోసం అతడు ప్రవాస భారతీయుడా కాదా అని తేల్చడానికి 182 రోజుల లెక్కను ఆ తేదీల ఆధారంగానే వేస్తారు. అతడు ‘సముద్రం మీద’ ఉన్న సమయంలో ఆడిటరు ఆఫీసు నుంచి ఇంటికి ఫోను వస్తుంది: ‘అమ్మా, సారు సీడీసీ పేజీల కాపీలు మూడేళ్లుగా ఇవ్వలేదు, మీ దగ్గరేమైనా ఉన్నాయా?’ ఆమె వృత్తి జ్ఞానం అక్కడ పనికి వస్తుంది. మూడేళ్లు పనికిరాని తెలివి ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు, ఎందుకంటే భర్త మీద తెలివిని ప్రయోగించవలసి వస్తుందని అంతవరకు ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ప్రశ్న: నా కథలో భర్త, స్కూలు టీచరైన భార్య పేరున మధురవాడలో ఉన్న ఫ్లాటును ఆమె సంతకం ఫోర్జరీ చేసి అమ్మేస్తాడు. ఇది జరగడానికి వీలుందా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సంతకం ఒక్కటే ఫోర్జరీ చేస్తే కుదరదు. 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేర్చిన 32-ఎ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి చేతులు మారే దస్తావేజులో అమ్మేవారి, కొనేవారి ఫోటోలు, వేలిముద్రలు ఉండాలి. భార్య స్థానంలో మరో స్త్రీని తెచ్చి కూర్చోబెట్టవచ్చు గానీ, అప్పుడు మీ కథ ముఠా మోసం కథ అవుతుంది. మానసిక థ్రిల్లర్ అనిపించుకోదు.

మీ కథకు తగిన దారి వేరే ఉంది. ఆమే స్వయంగా వచ్చి, తన వేలితో తానే ముద్ర వేసి ఇస్తుంది. భర్త ఆమెతో ‘ఇంటి లోను వడ్డీ తక్కువ ఉన్న వేరే బ్యాంకుకు మారుస్తున్నాను, ప్రతిసారీ నువ్వు స్కూలుకు సెలవు పెట్టనక్కర లేకుండా నా పేరున ఒక పవర్ రాసిచ్చేస్తే సరిపోతుంది’ అంటాడు. ఆ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ)లో అమ్మే అధికారం కూడా ఒక వాక్యంగా ఉంటుంది. ఆ అధికారంతో ఆ తరువాత అతడు మూడో మనిషికి సేల్ డీడ్ రిజిస్టరు చేసి ఇవ్వగలడు.

ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసు సన్నివేశానికి కనీసం ఆరేడు పేజీలు కేటాయించండి. అది కథకు గుండెకాయ. వరండాలో దస్తావేజు లేఖరి బల్ల, ప్రింటు తీసిన స్టాంపు కాగితాల మీద ప్రతి పేజీ కింద పెన్సిలుతో పెట్టిన గుర్తులు, ‘ఇక్కడొకటి, ఇక్కడొకటి అమ్మా’ అంటూ పేజీలు తిప్పే అతని వేగం, సాక్షులుగా వచ్చిన భర్త స్నేహితులిద్దరూ ఆమెతో ‘వదినగారూ’ అంటూ పిల్లల చదువుల సంగతి మాట్లాడుతూ ఉండడం, ఆ మాటల మధ్య ఆమె కాగితంలోని ఒక్క వాక్యం కూడా పూర్తిగా చదవలేకపోవడం, ఇవన్నీ వరుసగా రావాలి. లోపల ఆమెను కెమెరా ముందు కూర్చోబెడతారు. రాసిచ్చినది తానేనని ఒప్పుకుంటున్నారా అని అధికారి అడుగుతారు. చట్టం ఆమె రక్షణ కోసం పెట్టిన ప్రశ్న అది. ఆమె భర్త వైపు ఒకసారి చూసి ‘అవునండీ’ అంటుంది. వేలికి అంటిన ఇంకు చీరకు అంటకుండా భర్త తన జేబులోంచి రుమాలు తీసి, తానే ఆమె బొటనవేలు తుడుస్తాడు. ఆ రుమాలు గురించి మీరు ఒక్క వ్యాఖ్య కూడా చేయవద్దు. ఆమె ఆ రోజు దాన్ని ప్రేమగా గుర్తుపెట్టుకోవాలి. నిజం తెలిసిన తరువాత ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా కాల్చేది పోయిన ఫ్లాటు కాకుండా ఆ రుమాలు కావాలి.

తెలిసే సందర్భం కూడా ఆఫీసు కాగితం ద్వారానే రానివ్వండి. ఇంకేదో పని మీద ఆమె ఫ్లాటు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించుకుంటుంది. అందులో ఒక సేల్ డీడ్ నమోదై ఉంటుంది. రాసిచ్చినవారి స్థానంలో ఆమె పేరు, ఆమె తరఫున జీపీఏ హోల్డరుగా భర్త పేరు, దాని కింద ఆమె ఎన్నడూ వినని మనిషి పేరు. అంతకుమించి అక్కడ వాక్యాలు పెంచకండి.

ప్రశ్న: భార్యకు మతి చలించిందని అందరినీ నమ్మించి, భర్త ఆమెను వాల్తేరు మానసిక వైద్యశాలలో చేర్పించి, ఏళ్ల తరబడి బయటకు రానివ్వకుండా చేసినట్టు రాస్తున్నాను. డాక్టరుకు లంచం ఇచ్చినట్టు చూపితే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: సరిపోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఒక మనిషిని తన ఇష్టం లేకుండా చేర్చాలంటే, ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు లేదా వైద్యుడు విడివిడిగా పరీక్షించి చెప్పాలి. అలా చేర్చినా మొదటి దఫా 30 రోజులకు మించకూడదు. చేరిన వ్యక్తి స్త్రీ అయితే మూడు రోజుల్లోగా ఆ సంగతి మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలియజేయాలి. ఏళ్ల తరబడి బంధించి ఉంచడమన్నది పాతకాలపు నవలల నుంచి తెచ్చుకున్న ఊహ. దానితో పాటు ఇంకో మనవి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు ఉత్తరాంధ్ర జిల్లాల పేదలు ఎంతో ఆశతో వస్తారు. దాన్ని జైలుగా చిత్రిస్తే, వైద్యం అవసరమైన ఒక చదువరి అక్కడికి వెళ్లడానికి భయపడవచ్చు. భార్యను ఇంట్లోనే ఉంచండి. భర్త ఆమెను బంధువుల దృష్టిలో, చివరికి ఆమె దృష్టిలోనే మతి లేనిదాన్ని చేయడం ఆసుపత్రి గోడలకన్నా భయంకరమైనది. ఆ క్రమం తరువాతి జవాబులో ఉంది.

ప్రశ్న: కథను భార్యే ‘నేను’ అని చెబుతుంది. కానీ భర్త ఆమె జ్ఞాపకాలను కొద్దికొద్దిగా మార్చేస్తాడు. మాటలతో జ్ఞాపకం మారుతుందా? అలా మారిన మనిషి చెప్పే కథలో పాఠకుడిని మోసగించినట్టు కాదా?
— ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: మారుతుందనే చెప్పాలి. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో చేసిన ప్రయోగం ఇందుకు మంచి ఆధారం. కార్లు ఢీకొన్న ఫిల్ము చూపించి, వాటి వేగం ఎంతని విద్యార్థులను అడిగారు. ‘తాకినప్పుడు’ అనే అర్థం వచ్చేటట్టు అడిగితే సగటున గంటకు సుమారు 32 మైళ్లు అన్నారు, ‘బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అనే అర్థం వచ్చేటట్టు అడిగితే సుమారు 41 మైళ్లు అన్నారు. మరో బృందానికి ఇదే విధంగా చూపించి వారం తరువాత అడిగినప్పుడు, తీవ్రమైన మాటతో ప్రశ్న విన్నవారిలో 50 మందిలో 16 మంది పగిలిన గాజు చూశామన్నారు, మెత్తని మాట విన్నవారిలో 50 మందిలో ఏడుగురే అలా అన్నారు. ఆ ఫిల్ములో పగిలిన గాజు లేనే లేదు.

దీన్ని మీ వంటింటికి తీసుకురండి. ‘గ్యాసు కట్టేశావా?’ అని అడగడం వేరు, ‘గ్యాసు కట్టడం మళ్లీ మరిచిపోయావా?’ అని అడగడం వేరు. రెండో ప్రశ్నలోని ‘మళ్లీ’ ఆమెకు లేని ఒక గతాన్ని అంటగడుతోంది. భర్త ఆ ‘మళ్లీ’ని మొదట నవ్వుతూ అంటాడు, తరువాత అత్తగారి ముందు ఆదుర్దాగా అంటాడు, ఆ తరువాత అత్తగారే అనడం మొదలుపెడుతుంది. అప్పటికి ఆమె స్టవు దగ్గరకు వెళ్లి మూడుసార్లు చూసుకుంటూ ఉంటుంది, ఆ చూసుకోవడమే ఆమెకు ఏదో అయిందనడానికి రుజువవుతుంది. మీ రాతప్రతిలో భర్త కేకలు వేస్తున్నాడు. కేకలు తీసేయండి. మోసం చేసే మనిషి ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా మాట్లాడాలి.

పాఠకుడి సంగతికి వస్తే, ఒక్క నియమం పాటించండి. ఆమె పొరబడవచ్చు గానీ చూసినదాన్ని మీరు దాచకూడదు. ఆమె రాత్రి స్టవు కట్టిన చప్పుడు మూడో అధ్యాయంలో ఒక మామూలు వాక్యంగా ఉండాలి. పదో అధ్యాయంలో ఆమె ‘నేను కట్టలేదేమో’ అన్నప్పుడు పాఠకుడు కూడా ఆమెతో పాటు సందేహించాలి, పుస్తకం ముగిశాక వెనక్కి వెళ్లి చూస్తే ఆ వాక్యం అక్కడ కనిపించాలి.

ప్రశ్న: క్షమించండి, నాది నవల కాదు. మా చెల్లెలికి ఎనిమిది నెలల కిందట పెళ్లయింది. అబ్బాయికి అంతకుముందే పెళ్లయిందని, ఆమెతో విడాకులు కాలేదని ఇప్పుడు తెలిసింది. ముందుగా ఆరా తీయలేదేమని అందరూ మా నాన్నగారిని, చెల్లెలిని నిలదీస్తున్నారు. పెద్దలు సర్దుకుపొమ్మంటున్నారు. ఈ శీర్షికలో అడగవచ్చో లేదో తెలియదు.
— ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: తప్పకుండా అడగవచ్చును, అమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో ముందుగా జవాబు అందవలసినది మీదే, అందుకే మీకు పోస్టులో విడిగా కూడా రాశాను. అటువంటి పరిస్థితిలో ఉన్న ఇతరులకూ ఉపయోగపడుతుందని ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

మొదటి భార్య ఉండగా, విడాకులు కాకుండా జరిగిన రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం 1955 ప్రకారం చెల్లదు. ఆ పెళ్లి చెల్లదని ప్రకటించమని మీ చెల్లెలు కోర్టును కోరవచ్చు. ఒకవేళ మొదటి పెళ్లి విడాకులతో ముగిసి ఉండి, ఆ సంగతి మాత్రం దాచి ఉంటే దారి వేరు: ముఖ్యమైన విషయాన్ని దాచి మోసంతో సమ్మతి పొందారన్న ఆధారం మీద 12వ సెక్షన్ కింద పెళ్లిని రద్దు చేయమని అడగాలి, మోసం తెలిసిన నాటి నుంచి ఏడాదిలోగా అడగాలి, తెలిసిన తరువాత ఇష్టపూర్వకంగా కాపురం కొనసాగించి ఉండకూడదు. అందుచేత ‘కొన్నాళ్లు సర్దుకుని చూడు’ అన్న పెద్దల సలహా రెండో సందర్భంలో ఆమె హక్కునే పోగొట్టగలదు. ఈ మాట వారికి నెమ్మదిగా, కానీ గట్టిగా చెప్పండి.

మొదటి పెళ్లిని దాచి మళ్లీ పెళ్లి చేసుకోవడం నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద అలా దాచినందుకు పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అయితే మొదటి పెళ్లి సంప్రదాయం ప్రకారం జరిగిందని కోర్టులో రుజువు కావాలి కనుక శుభలేఖ, ఫోటోలు, ధ్రువపత్రం, ఆ పెళ్లి చూసినవారి వివరాలు సేకరించి భద్రపరచండి. చెల్లెలికి పెట్టిన బంగారం, వస్తువులు ఆమె సొత్తే. వాటి జాబితా రాసి ఫోటోలు తీసి ఉంచండి. ఇంట్లో వేధింపు ఉంటే 2005 గృహహింస చట్టం కింద రక్షణ, నివాసం, ఖర్చులు కోరవచ్చు, మాటలతో హింసించడం, డబ్బు అందకుండా చేయడం కూడా ఆ చట్టం దృష్టిలో హింసే. న్యాయవాదికి ఇచ్చే స్థోమత లేదని వెనకాడకండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోను కూడా చేయవచ్చు. అత్యవసరమైతే మహిళా హెల్ప్‌లైన్ 181. నిద్ర పట్టక, తిండి సహించక బాధపడుతున్నదని రాశారు కనుక ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఆమె చేత ఫోను చేయించండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఆరా తీయలేదేమని నిలదీసేవారికి మీ నాన్నగారు సమాధానం చెప్పుకోనక్కర లేదు. మధ్యవర్తి మాట, అవతలి పెద్దల మాట నమ్మి మన ఇళ్లలో సంబంధాలు కుదురుతున్నాయి. దాచినవారు, తెలిసి కూడా దాచడానికి సహాయపడినవారు సమాధానం చెప్పాలి.

ప్రశ్న: భార్య మోసగత్తె అయిన కథ రాయకూడదా? నా కథలో భర్త ఆమె ఫోను సంభాషణలు రహస్యంగా రికార్డు చేసి పోలీసులకిస్తే, వారు ఆమెను అరెస్టు చేస్తారు.
— ఒక పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: నిక్షేపంగా రాయవచ్చు, మోసం ఒక్కరి సొత్తు కాదు. అరెస్టు మాత్రం కుదరదు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన భారతీయ శిక్షా స్మృతి (ఐపీసీ) 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది. అది విడాకులకు మాత్రం కారణమవుతుంది. రహస్యంగా చేసిన రికార్డింగు భార్యాభర్తల మధ్య నడిచే విడాకుల కేసులో సాక్ష్యంగా స్వీకరించవచ్చునని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, కనుక మీ కథను పోలీసు స్టేషను నుంచి ఫ్యామిలీ కోర్టుకు మార్చండి. మీ భర్త పాత్ర ఆరు అధ్యాయాలుగా భార్య ఫోను వింటూ, ఆమె చీర రంగు మారినా సందేహిస్తూ ఉన్నాడు. ఆమె అపరాధి అని మీరు ముందే తేల్చేశారు కనుక ఆ ప్రవర్తనలోని రోగాన్ని గమనించలేదు. ఆధారం లేని అసూయ భ్రమగా మారడాన్ని వైద్యులు జబ్బుగానే గుర్తించారు. అటువంటి భర్తలున్న ఇళ్లలో స్త్రీల ప్రాణాలకే ముప్పు వస్తుంది. ఆమె నిజంగా ఏమీ చేయలేదని చివర తెలిస్తే మీ కథ ఎంత బలపడుతుందో ఒకసారి ఆలోచించండి.

ప్రశ్న: నిజం బయటపడ్డాక కథను ఎలా ముగించాలో తెలియడం లేదు. భర్త చనిపోవాలా, జైలుకు వెళ్లాలా, పశ్చాత్తాపపడాలా? నేను మూడు ముగింపులు రాసి పంపాను.
— ఒక పాఠకురాలు, మురళీనగర్

జవాబు: మూడూ చదివాను. రుషికొండ దగ్గర కారు లోయలో పడే ముగింపు మీకే నచ్చలేదని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. పశ్చాత్తాపం ముగింపులో భర్త నాలుగు పేజీలు ఏడుస్తాడు, ఆమె ఒక్క వాక్యం కూడా మాట్లాడదు. అన్నేళ్లు ఆమె బతుకును అతడే నడిపించాడు, ఇప్పుడు ఆమె పుస్తకం చివరి పేజీలను కూడా అతనికే ఇవ్వడం అన్యాయం.

చిక్కు ముగింపులో లేదు, నిజం తెలిసే చోటులో ఉంది. మీరు దాన్ని చివరి నుంచి రెండో అధ్యాయంలో పెట్టారు. ముందుకు జరపండి. పుస్తకం మూడింట రెండు వంతులు గడిచేసరికి ఆమెకు తెలిసిపోవాలి, తెలిసిందన్న సంగతి అతనికి తెలియకూడదు. మర్నాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే కాఫీ కలిపి ఇవ్వాలి. అతడు ‘పంచదార ఎక్కువైంది’ అంటే ‘అవునాండీ, మరిచిపోయాను’ అనాలి. అంతవరకు ఒక్క అబద్ధం ఆడి ఎరగని మనిషి, అన్నేళ్లు తన మీద ప్రయోగించిన విద్యను తన ఇంట్లో నేర్చుకోవలసి వచ్చింది. ఆమె దానికి ఎంత సిగ్గుపడుతుందో, ఎంత త్వరగా నేర్చుకుంటుందో, పిల్లల ముందు ముఖం ఎలా పెట్టుకుంటుందో రాయడానికి మీకు వంద పేజీలు దొరుకుతాయి. ఉత్కంఠ అక్కడుంది. పాఠకుడు అప్పుడు అతని నోరు ఎప్పుడు జారుతుందా అని కాక, ఆమె నోరు ఎక్కడ జారుతుందో అని భయపడతాడు.

అతనికి శిక్ష పడే సన్నివేశం ఉండవచ్చు, లేకపోవచ్చు. కోర్టు తేదీల మధ్య కథ ఆగిపోయినా ఫరవాలేదు. మీరు తీసేసిన పాత పదిహేనో అధ్యాయంలో ఆమె ఎల్ఐసీ ఆఫీసుకు వెళ్లి, తన పాలసీలో నామినీగా ఉన్న భర్త పేరు మార్చడానికి ఫారం అడిగి, కొత్త పేరు రాయవలసిన గడి దగ్గర చాలాసేపు ఆగి, కూతురి పేరు రాస్తుంది. ఆ అధ్యాయాన్ని ఎందుకు తీసేశారో నాకు అర్థం కాలేదు. దాన్ని చివరకు తెచ్చి, ఏడుపు పేజీలు నాలుగూ కొట్టివేసి, రాతప్రతిని వచ్చే నెల ఇరవయ్యో తేదీలోగా మళ్లీ పంపండి.